ఫైలు: దారపు కట్ట నుంచి కంప్యూటరు దాకా

సర్వీసులో ఉన్న రోజుల్లో మనం ఎక్కువసార్లు పలికిన మాట ఏదని అడిగితే, చాలామంది తడుముకోకుండా 'ఫైలు' అనే చెబుతారు. ఫైలు పుటప్ చేయడం, ఫైలు కదలడం, ఫైలు ఆగడం, ఫైలు మూసివేయడం – ఈ మాటల మధ్యనే మన ముప్ఫై, ముప్ఫై అయిదేళ్ళ ఉద్యోగ జీవితం గడిచింది. మన ఇంక్రిమెంట్లు, ప్రమోషన్లు, చివరికి మన పెన్షను కూడా ఏదో ఒక ఫైలులోంచి వచ్చినవే గదా!

ఇప్పుడు ఇంట్లో మనవలు, మనవరాళ్ళు కూడా అదే మాట వాడుతున్నారు. 'తాతయ్యా, ఫైలు సేవ్ చేశాను', 'అమ్మమ్మా, ఫైలు పంపించాను' అంటారు. మాట మనదే, కాగితం మాత్రం ఎక్కడా కనిపించదు. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసేవారి పరిభాషలో 'ఫైలు' ఖచ్చితమైన అర్థం గల సాంకేతిక పదం. ఆ పదం వారికి కొత్తగా పుట్టింది కాదు, ఆఫీసు బల్లల మీద నుంచే వెళ్ళింది. అది ఎలా వెళ్ళిందో, వెళ్ళాక దాని అర్థం ఏమైందో, పెన్షనర్లమైన మనకు దానితో ఇంకా ఏం పని ఉందో తెలుసుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం.

దారంతో మొదలు

లాటిన్ భాషలో 'ఫిలుమ్' అంటే దారం. ఆ మాట ఫ్రెంచి భాష మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. 16వ శతాబ్దంలో ఇంగ్లండులో 'ఫైలు' అంటే కాగితాలను వరుసగా గుచ్చి ఉంచే దారం లేదా తీగె అని అర్థం. మన కిరాణా కొట్లలో బిల్లులు గుచ్చే ఇనుప తీగె ఉండేదే, సరిగ్గా అదన్నమాట. తరువాత తరువాత దారం పేరు కాస్తా ఆ దారానికి గుచ్చిన కాగితాల కట్టకు వచ్చింది. ఇనుమును అరగదీసే ఆకురాయిని కూడా ఇంగ్లీషులో ఫైలనే అంటారు గానీ, ఆ మాట పుట్టుక వేరు. దానికీ దీనికీ చుట్టరికం లేదు.

ఈ దారం సంగతి తెలుగువారికి కొత్త కాదు. తాటియాకుల మీద గంటంతో వ్రాసి, ఆకులకు రంధ్రం చేసి, దారం గుచ్చి కట్టగా కట్టడం మన పెద్దల పద్ధతి. గ్రామ కరణాల లెక్కల కట్టను కవిలె అనేవారు. కల్నల్ కాలిన్ మెకంజీ 19వ శతాబ్దం తొలి సంవత్సరాలలో, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల సహాయంతో గ్రామ చరిత్రలు సేకరించినప్పుడు ఆ కవిలెలు ఎంతో ఉపకరించాయి. ఆ వ్రాతలలో అనేకం పాడైపోకముందే శుభ్రంగా నకళ్ళు తీయించిన పుణ్యం సి.పి. బ్రౌన్ దొరది.

తెలంగాణా ప్రాంతపు మిత్రులకు 'మిసల్', 'దఫ్తరు' అనే మాటలు పరిచితమే. నిజాం కాలంలో ఆఫీసు ఫైలును మిసల్ అనేవారు. దఫ్తరు పారశీ మాట. దాని మూలం గ్రీకు భాషలో ఉంది, అక్కడ దాని అర్థం చర్మం. ఒకప్పుడు చర్మాల మీద వ్రాసేవారు గనుక ఆ పేరు వచ్చింది. హైదరాబాదులోని దఫ్తర్-ఎ-దివానీయే తరువాతి కాలంలో తార్నాకలోని పురావస్తు పత్రాల భాండాగారానికి మూలపురుషుడు. తోలు, తాటియాకు, కాగితం – వ్రాసే వస్తువు మారినప్పుడల్లా పాత పేరు కొత్త వస్తువుకు అంటుకుంటూనే వచ్చింది. కాబట్టి కాగితం పోయాక కూడా ఫైలు అన్న పేరు నిలవడంలో వింత ఏమీ లేదు.

కాగితాల కట్ట అయినంత మాత్రాన ఫైలు కాదు

మన ఆఫీసుల్లో ఏ కాగితాల కట్టనైనా ఫైలు అనేవారా? అనేవారు కాదు. తపాలు రాగానే ఇన్‌వర్డు నంబరు పడాలి. పర్సనల్ రిజిస్టరులో ఎక్కాలి. ఎడమవైపు నోట్ ఫైలు, కుడివైపు కరెంట్ ఫైలు ఉండాలి. పని పూర్తయ్యాక దానికి ముగింపు రకం నిర్ణయించాలి. మద్రాసు రాజధాని నాటి టోటెన్‌హామ్ పద్ధతిలో పనిచేసినవారికి ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. అన్నవి నోటికి వచ్చిన మంత్రాలు. ఆర్.డిస్. అయితే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్. అయితే పదేళ్ళ తరువాత ధ్వంసం చేయవచ్చు.

ఇంత తంతు ఎందుకు? ఈ రోజు సీటులో ఉన్న గుమాస్తా రేపు బదిలీ కావచ్చు, రిటైరు కావచ్చు. ఆ తరువాత వచ్చే కొత్త మనిషి, ఏమీ తెలియనివాడు, నంబరు పట్టుకుని వెదికితే విషయం దొరకాలి. పేరు, స్థానం, క్రమం, కాలపరిమితి – ఈ నాలుగూ ఉంటేనే అది ఫైలు. లేకపోతే చిత్తు కాగితాల మూట. కంప్యూటరు శాస్త్రం ఆఫీసు నుంచి అరువు తెచ్చుకున్నది ఈ నాలుగు లక్షణాలనే.

కార్డుల పెట్టెలు, అయస్కాంతపు టేపులు

అమెరికాలో 1890 జనాభా లెక్కలకు హెర్మన్ హొలరిత్ రంధ్రాల కార్డులను, వాటిని లెక్కించే యంత్రాలను వాడాడు. ఒక మనిషికి ఒక కార్డు. వయసు, వృత్తి వంటి వివరాలకు నిర్ణీత స్థానాల్లో రంధ్రాలు. 1928లో ఐ.బి.ఎం. సంస్థ 80 వరుసల కార్డును ప్రవేశపెట్టింది. ఆ కార్డులను సొరుగుల్లో వరుసగా పేర్చి, ఆ పేర్పునే ఫైలు అనేవారు. అప్పటికి ఆ మాట ఇంకా చేతికి తగిలే వస్తువునే సూచించేది.

1950 ఫిబ్రవరిలో 'పాపులర్ సైన్స్' పత్రికలో ఆర్.సి.ఎ. సంస్థ ఒక ప్రకటన ఇచ్చింది. తాము కనిపెట్టిన జ్ఞాపక గొట్టంలో లెక్కల ఫలితాలను 'ఫైలు'లో ఉంచి మళ్ళీ బయటికి తీయవచ్చునని అందులో చెప్పారు. ఫైలు అన్న మాటను కొటేషన్ గుర్తుల మధ్య అచ్చువేశారు. కాగితం లేని చోట ఆ మాట వాడటానికి అప్పటికి కొంత సంకోచం ఉండేదన్నమాట. కొద్ది కాలానికే ఆ గుర్తులు ఊడిపోయాయి.

1951లో అమెరికా జనాభా లెక్కల శాఖకు చేరిన యూనివాక్ కంప్యూటరు అయస్కాంతపు టేపులు వాడేది. టేపు మీద ఫైలు అంటే వరుస వ్రాత. తొమ్మిది వందలో మనిషి వివరాలు కావాలంటే ముందున్న ఎనిమిది వందల తొంభై తొమ్మిది మందినీ దాటి వెళ్ళాల్సిందే. అందువల్ల జీతాల బిల్లుల వంటి పనుల్లో ఒక పద్ధతి ఏర్పడింది. ఉద్యోగులందరి వివరాలున్నది 'మాస్టర్ ఫైలు'. ఈ నెల మార్పులు – సెలవులు, ఇంక్రిమెంట్లు, బదిలీలు – ఉన్నది 'ట్రాన్సాక్షన్ ఫైలు'. రెండింటినీ ఒకే వరుసలో పేర్చి, ఒకదానితో ఒకటి సరిచూస్తూ కొత్త మాస్టర్ ఫైలు తయారుచేస్తారు.

కొత్తది రాగానే పాతదాన్ని పారవేసేవారు కాదు. కొత్త టేపును కొడుకు అనీ, దాని ముందుదాన్ని తండ్రి అనీ, అంతకు ముందుదాన్ని తాత అనీ పిలిచి, మూడు తరాలనూ భద్రపరిచేవారు. కొడుకు టేపు చెడిపోతే తండ్రి టేపు తీసి, మార్పుల ఫైలుతో మళ్ళీ కొడుకును తయారుచేసేవారు. తాత-తండ్రి-కొడుకు పద్ధతి అన్నది మనం సరదాకు పెట్టిన పేరు కాదు, ఆ రంగంలో స్థిరపడిన సాంకేతిక నామమే!

1956లో ఐ.బి.ఎం. వారి ర్యామాక్ యంత్రంతో పళ్ళేల యుగం మొదలయింది. రెండడుగుల వ్యాసం గల 50 పళ్ళేలు, ఒక టన్నుకు పైగా బరువు, అన్నీ కలిపి 50 లక్షల అక్షరాల నిల్వ. నేటి చేతి ఫోనులో తీసే రెండు మూడు ఫోటోలకు కూడా ఆ చోటు చాలదు. అయినా అది పెద్ద మలుపు. టేపంతా తిప్పకుండా, కావలసిన రికార్డు ఉన్న చోటికి నేరుగా పోవడం సాధ్యపడింది. కవిలె కట్టలో ఆకులు ఒక్కొక్కటే తిప్పడానికీ, రికార్డు రూములో నంబరు చూసి తిన్నగా కట్ట తీయడానికీ ఎంత తేడా ఉందో అంత తేడా.

కోబాల్ చెప్పిన నిర్వచనం

ఆఫీసు పనుల కోసమే 1959లో ఒక సంఘం కూర్చుని కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించింది. అది 1960లో వెలుగు చూసింది. కోబాల్ ప్రోగ్రాములో ఫైళ్ళను వర్ణించడానికి ప్రత్యేకంగా ఒక భాగమే ఉంటుంది. అందులో మూడు మెట్లు. సర్వీసు రిజిస్టరుతో పోల్చుకుంటే సులువుగా బోధపడుతుంది. ఆఫీసులోని అందరి సర్వీసు రిజిస్టర్లూ కలిపితే అది ఫైలు. ఒక్క ఉద్యోగిది రికార్డు. ఆ రికార్డులో పుట్టిన తేదీ అన్న గడి ఫీల్డు. ఒక్కొక్క ఫీల్డు ఎన్ని అక్షరాల వెడల్పు ఉండాలో, అంకెలుండాలో అక్షరాలుండాలో ముందే చెప్పాలి.

ప్రోగ్రాము ఫైలును వాడే తీరు కూడా ఆఫీసు తీరే. ముందు తెరవాలి, తరువాత చదవాలి లేదా వ్రాయాలి, చివర మూసివేయాలి. ఒకరు వ్రాస్తుండగా మరొకరు అదే చోట వ్రాయకుండా తాళం వేసే ఏర్పాట్లు కూడా వచ్చాయి. ఫైలు ఒకరి సీటులో ఉన్నంతసేపు మరొకరు నోట్ వ్రాయలేరు గదా!

ఆ రోజుల్లో నిల్వకు చోటు చాలా ఖరీదు. అందువల్ల సంవత్సరాన్ని నాలుగంకెలకు బదులు రెండంకెల్లో వ్రాసేవారు. 1965ను 65 అని ముగించేవారు. ఆ ఫైళ్ళు అన్నేళ్ళు బ్రతికి ఉంటాయని చాలామంది ఊహించలేదు. 2000 సంవత్సరం దగ్గరపడే కొద్దీ, 00 అన్నదాన్ని యంత్రం 1900గా చదివితే వయసు, వడ్డీ, గడువు తేదీల లెక్కలన్నీ తారుమారవుతాయని ప్రపంచమంతా కంగారుపడింది. పాత కోబాల్ ప్రోగ్రాములు వెదికి సరిదిద్దడానికి పెద్ద ఎత్తున మనుషులు కావలసి వచ్చారు. 1990ల చివరలో హైదరాబాదు అమీర్‌పేట శిక్షణా కేంద్రాల్లో కోబాల్ నేర్చి అమెరికా విమానం ఎక్కిన తెలుగు పిల్లలలో ఎంతోమంది మన సహోద్యోగుల బిడ్డలే. ఎవరో ఎప్పుడో ఒక ఫీల్డుకు రెండంకెల చోటు తగ్గించినందువల్ల ఎన్ని ఇళ్ళలో పండుగనాటి భోజనాలు ఫోను పలకరింపులుగా మారాయో మనకు తెలుసు.

పేరు, హక్కు, చిరునామా

1961లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో ఫెర్నాండో కొర్బాటో బృందం ఒకే కంప్యూటరును అనేకమంది ఏకకాలంలో వాడే ఏర్పాటు చేసి చూపింది. ఒకే పళ్ళెం మీద పదిమంది వ్రాతలు ఉన్నప్పుడు ఎవరి ఫైలు ఎవరిదో తెలియాలి. సంకేత పదం, అంటే పాస్‌వర్డు, అక్కడే అవసరమయింది.

అక్కడ 1960ల మధ్యలో జరిగిన ఒక సంఘటనను కొర్బాటో తరువాత స్వయంగా వివరించారు. అందరికీ కనిపించే రోజువారీ ప్రకటనను ఒకరు, అందరి పాస్‌వర్డులున్న ఫైలును ఇంకొకరు ఒకే సమయంలో సవరిస్తున్నారు. ఆ సవరణ ప్రోగ్రాము తాత్కాలిక ప్రతికి ఇద్దరికీ ఒకే పేరు పెట్టింది. ఫైళ్ళు తారుమారయ్యాయి. ఆ తరువాత కంప్యూటరు వాడటానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ పాస్‌వర్డుల జాబితా అంతా టెర్మినల్ మీద టైపు అయి ప్రత్యక్షమయింది! రెండు ఫైళ్ళకు ఒకే నంబరు పడితే ఏమవుతుందో ఇన్‌వర్డు గుమాస్తాగా పనిచేసినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

1965లో డేలీ, న్యూమన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మల్టిక్స్ అనే వ్యవస్థ కోసం ఫైళ్ళ అమరికను వర్ణిస్తూ ఒక పత్రం ప్రకటించారు. ఫైళ్ళను సంపుటులలో, ఆ సంపుటులను మరింత పెద్ద సంపుటులలో ఉంచే అంచెల పద్ధతి అది. జిల్లా, తాలూకా, గ్రామం, సర్వే నంబరు అన్నట్టుగా ఒక్కొక్క మెట్టు దిగుతూ పోతే కావలసిన ఫైలు దొరుకుతుంది. ఎవరు చదవవచ్చు, ఎవరు వ్రాయవచ్చు అన్న హక్కులు కూడా ఫైలుకు అంటిపెట్టుకునే ఉంటాయి. ఇప్పటి కంప్యూటర్లలో కనిపించే ఫోల్డర్ల అమరిక ఈ కోవలోదే.

1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ ఇంకో అడుగు ముందుకు వేసింది. లోపల ఏమున్నా సరే, ఫైలు అంటే ఒక అక్షరాల వరుస, అంతే. దాని అర్థం చెప్పుకోవడం ప్రోగ్రాము పని. కీబోర్డు, ప్రింటరు వంటి పరికరాలను సైతం ఫైళ్ళలాగానే తెరిచి, చదివి, వ్రాయవచ్చు. దారంతో మొదలైన మాట చివరికి యంత్ర భాగాల దాకా విస్తరించింది. 1981లో జిరాక్స్ సంస్థ తెచ్చిన స్టార్ అనే కంప్యూటరులో తెర మీదనే కాగితం, ఫోల్డరు, ఫైళ్ళ సొరుగు, తపాలు పళ్ళెం బొమ్మలు వేశారు. మాటతో పాటు ఆఫీసు బల్ల కూడా బొమ్మగా కంప్యూటరులోకి చేరింది.

చెరిపితే పోదు, ఉంచితే ఉండదు

ఎలక్ట్రానిక్ ఫైలు విషయంలో పెద్దలు గుర్తుంచుకోవలసినవి రెండున్నాయి.

మొదటిది, డిలీట్ చేయడం. మామూలు కంప్యూటరులో ఫైలు తొలగించగానే పళ్ళెం మీద వ్రాత వెంటనే చెరిగిపోదు. పట్టికలో దాని పేరు కొట్టివేస్తారు, ఆ చోటు ఖాళీ అని గుర్తు పెడతారు. రిజిస్టరులో ఎంట్రీ కొట్టివేసినా కట్ట రికార్డు రూములోనే ఉన్నట్టు, దాని మీద మరొకటి వ్రాసేదాకా నేర్పరులు దాన్ని బయటికి తీయగలరు. కాబట్టి బ్యాంకు, పెన్షను కాగితాలు దాచిన పాత కంప్యూటరునో ఫోనునో ఎవరికైనా ఇచ్చే ముందు దాన్ని పూర్తిగా తుడిపించడం అవసరం.

రెండవది దీనికి తలక్రిందులు. ఫైలు భద్రంగా ఉన్నా చదవలేకపోవచ్చు. ఇంగ్లండులో 1086 నాటి డూమ్స్‌డే గ్రంథం నేటికీ చదవడానికి వీలుగా ఉంది. దాని 900 ఏళ్ళ సందర్భంగా బి.బి.సి. 1986లో లేజరు పళ్ళేల మీద తయారుచేసిన కొత్త గ్రంథం మాత్రం ఇరవై ఏళ్ళు కూడా నిండకుండానే చదివే యంత్రాలు కరువై, నిపుణులు పూనుకుని రక్షించవలసి వచ్చింది. మన తెలుగుకూ ఇదే కష్టం వచ్చింది. 1990లలో డి.టి.పి. కేంద్రాల్లో కంపోజు చేసిన తెలుగు ఫైళ్ళు ఆయా ఫాంట్లు ఉన్నచోటే తెలుగుగా కనిపించేవి. మరో కంప్యూటరులో తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరేవి. యూనికోడ్ అనే సర్వసమ్మతమైన లిపి సంకేతాలు వ్యాప్తిలోకి వచ్చాకనే ఆ బాధ తీరింది. లిపి తెలిసినవాడు లేకపోతే కవిలె ఎంత, యంత్రపు ఫైలు ఎంత, రెండూ ఒకటే!

చట్టం దృష్టిలో

2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ రికార్డుకు వ్రాతపూర్వకమైన కాగితంతో సమానమైన గుర్తింపు ఇచ్చింది. అయితే వీలునామాకు ఆ చట్టం వర్తించదు. వీలునామా కాగితం మీదనే, సాక్షుల సంతకాలతో ఉండాలి. కంప్యూటరులో టైపు చేసి దాచాము గదా అని ఊరుకోరాదు. 2005 సమాచార హక్కు చట్టంలో 'రికార్డు' అంటే ఏమిటో చెప్పేచోట ఫైలు అన్న మాటతో పాటు కంప్యూటరు ద్వారా తయారైనదాన్ని కూడా చేర్చారు. 2014 నవంబరులో కేంద్ర ప్రభుత్వం జీవన్ ప్రమాణ్ పేరుతో డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ ప్రవేశపెట్టాక, మనం బ్రతికి ఉన్నామన్న సంగతి కూడా ఒక ఫైలులో ఒక రికార్డయింది.

నేషనల్ ఇన్‌ఫర్మాటిక్స్ సెంటర్ రూపొందించిన ఈ-ఆఫీసులో ఇప్పటికీ నోటు ఒకవైపు, ఉత్తర ప్రత్యుత్తరాలు మరోవైపు ఉంటాయి. నోటు వ్రాసే చోటు తెర మీద కూడా ఆకుపచ్చగానే ఉంటుంది. ఎవరు ఎప్పుడు చూశారు, ఎవరి దగ్గర ఎన్నాళ్ళు ఆగింది అన్నది దానంతటదే నమోదవుతుంది. ఆ అమరికను కట్టినవారు మన అలవాట్లను గౌరవించే కట్టారు.

అయితే యంత్రం చేయలేనిది ఒకటుంది. పుట్టిన తేదీ ఫీల్డులో తప్పు అంకె పడితే, ఆ తప్పును అంతే విశ్వాసంగా ఏళ్ళ తరబడి అప్పగిస్తూ పోతుంది. సర్వీసు రిజిస్టరులో, పి.పి.ఓ.లో, ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో పేరు అక్షరాలు ఒక్కలాగా లేకపోతే, ఆ చిక్కు మనకంటే మన వెనుక కుటుంబ పెన్షను అందుకోవలసిన ఇల్లాలికి ఎక్కువ. ఆమె ఆ వయసులో కౌంటర్ల చుట్టూ తిరగకుండా చూడటం మన చేతిలో పని, అదీ ఇప్పుడే చేయవలసిన పని.

అందుచేత మిత్రులారా, మనవడి సాయం తీసుకోండి. ముఖ్యమైన కాగితాలన్నీ ఒక ఫైలుగా చేయించండి. దానికి చూడగానే తెలిసే పేరు, తేదీ పెట్టించండి. తాత-తండ్రి-కొడుకు పద్ధతిలో వేరు వేరు చోట్ల మూడు ప్రతులు ఉంచండి. అసలు కాగితాలను మాత్రం పారవేయకండి. అది ఎక్కడ ఉందో, ఏ పేరుతో ఉందో ఇంట్లో కనీసం ఇద్దరికి చెప్పండి. మన సీటులోకి కొత్తగా వచ్చిన మనిషికి ఛార్జి ఎలా అప్పగించామో, ఇంట్లోవారికి ఆ విధంగానే అప్పగిద్దాం. ఆ విద్యలో మనకు ఎవరూ శిక్షణ ఇవ్వనక్కరలేదు.